డెబ్బై నాలుగో పేజీ

ఫోనులో కనిపించింది సీలింగ్ ఫ్యాను ఒక్కటే.

మస్కట్ నగరం బౌషర్‌లో లేస్తున్న ఏడంతస్తుల బిల్డింగు కింద, సెంట్రింగు చెక్కల నీడలో పన్నెండు మంది కూచుని మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నారు. అందరిదీ ఒకటే జిల్లా. గణపతి అన్నం ముట్టకుండా ఫోను పట్టుకున్నాడు. అవతల, గోదావరి ఒడ్డున జిల్లా ఆఫీసులో గౌరవ్వ నిలబడి ఉంది. ఆఫీసరుతో నువ్వే మాట్లాడు మరిదీ అని ఆమే వీడియో కాల్ చేసింది. ఆఫీసరు ఫోను అందుకోలేదు. ఆమె దాన్ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, కొంగు ముడి విప్పి కాగితం తీసినట్టుంది. అందుకే వీళ్లకు ఫ్యాను తప్ప మరేమీ కనిపించలేదు. మాటలు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

"ఏం కాగితమమ్మా ఇది?"

"మంజూరైన కాగితం సార్. మా ఆయన పోచన్నకు నడుము ఆపరేషన్‌కు మూడు లక్షలు మంజూరైనయని ఈ ఆఫీసులనే ఇచ్చిండ్రు. ఏడాదిన్నర దాటె."

"మంజూరు వేరు, విడుదల వేరు. నీకెన్నిసార్లు చెప్పాలె? బడ్జెట్ రాలేదు."

"గల్ఫోళ్లకు నూరు కోట్లు పెట్టిండ్రని పేపర్ల వడ్డది కద సార్."

"అయితే పేపరోన్నే పోయి అడుగు."

ఎవరో నవ్వారు. ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు. గౌరవ్వ గొంతు తగ్గలేదు.

"కాళ్లు సచ్చువడ్డయి సార్. ఈపుకు పుండ్లు వడ్డయి. ఒక్కదాన్నే పక్కకు తిప్పలేకపోతున్న."

"జరుగమ్మా, జరుగు. ఎనక లైనున్నది."

ఫ్యాను మీదికి ఒక మగ చెయ్యి వచ్చింది, ఫోను నల్లబడింది. ఆ ఫ్యాను కూడా సర్కారు సొమ్ముతో కొన్నదే. దానికి మాత్రం బడ్జెట్ విడుదలైంది, హాయిగా తిరుగుతోంది.

గణపతి డబ్బా మూత పెట్టేశాడు. అతనికి ఆకలి చచ్చిపోవడానికి కారణం వేరే ఉంది. అది మిగతా పదకొండు మందికీ తెలుసు, తెలిసీ ఏనాడూ అతని మొహం మీద అనలేదు.

రెండేళ్ల కిందట మార్చిలో రాష్ట్రంలో సర్కారు బడ్జెట్ పెట్టింది. గల్ఫ్ కార్మికుల సంక్షేమానికి నూరు కోట్లు అని టీవీలో రోజంతా అక్షరాలు పరుగెత్తాయి. ఆ శుక్రవారమే రఘుపతి క్యాంపుకు ఫ్లెక్సీ తెచ్చాడు. రఘుపతిదీ ఆ జిల్లాయే. ఒకప్పుడు ఇదే క్యాంపులో కింది మంచం మీద పడుకున్నవాడు. ఇప్పుడు కంపెనీలకు మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు, పైగా ప్రవాసీ సంఘానికి అధ్యక్షుడు. నాయకుడి నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకం చెయ్యాలన్నాడు. షట్టరింగ్ కార్పెంటర్ గణపతికి ఎత్తంటే భయం లేదు. నిచ్చెనెక్కి, ప్యాకెట్ మీద ప్యాకెట్ చింపి, బొమ్మ నెత్తి మీద పాలు పోసింది అతనే. కింద నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పోచన్న. పాలన్నీ ఇసుకలోకి ఇంకిపోయాయి. రెండు రోజులు ఈగలు పోలేదు.

నెల తిరక్కుండానే పోచన్న నాలుగో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. నడుములో ఎముక విరిగింది. కాళ్లలో ఇంకా ప్రాణం ఉంది, ఆరు వారాల్లో ఆపరేషన్ చేస్తే నడుస్తాడన్నాడు డాక్టరు. కంపెనీ సగం పెట్టుకుంటానంది. క్యాంపంతా చందా వేసుకుంది, మిగతా సగానికి అది సరిపోయేటట్టే ఉంది. అప్పుడు గణపతి పోచన్న మంచం పక్కన కూచుని బుద్ధులు చెప్పాడు. ఇక్కడెందుకన్నా పైసలు తగలేసుడు, మన సర్కారు నూరు కోట్లు పెట్టె, ఇంటికి పోతే పుక్యానికి ఆపరేషన్ అయితది, ఈ పైసలు పిల్లల సదువుకైతయ్ అన్నాడు. రఘుపతి అవునన్నాడు. కంపెనీ మేనేజరు ఇంకా సంతోషంగా అవునన్నాడు. కంపెనీ మీద ఇక ఏ హక్కూ లేదని రాసిన కాగితం తయారైంది. పోచన్న సంతకం పెట్టబోతే జేబులోంచి పెన్ను తీసి అందించింది గణపతే.

పోయిన మార్చిలో సర్కారు మళ్లీ బడ్జెట్ పెట్టి, ఈసారి నూట ఇరవై కోట్లంది. నూట ఇరవై అయితే అన్నకు ఇగ తప్పక వస్తది అనుకుని గణపతి రెండోసారీ నిచ్చెనెక్కాడు. ఇప్పుడది తలుచుకుంటే తన చేతుల్ని తనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

గౌరవ్వ ఫోను చేసిన రోజు సాయంత్రం డ్యూటీ దిగి బస్సు క్యాంపుకు చేరేసరికి రఘుపతి పికప్పు గేటు దగ్గరే ఉంది. వెనక కొత్త ఫ్లెక్సీ చుట్ట, తాడుతో కట్టి.

"శుక్కురారం నాలుగింటికి అల్ ఖౌద్‌ల సభ. మన బడ్జెట్ సలహా సంఘం చైర్మన్ సార్ వస్తున్నడు. గల్ఫ్ కార్మికుల అభిప్రాయాలు తీస్కోని ఈసారి బడ్జెట్ తయారు జేస్తరట. అన్నిటికీ నేను పర్మిషన్ తీసుకున్న. రెండు వందల మంది కావాలె. తెల్లంగీలు. బిర్యానీ నాది."

"అభిప్రాయాలు చెప్పేదెవలన్నా?" అన్నాడు ఇనుప చువ్వలు వంచే ఒక కుర్ర రాడ్‌బెండర్.

"నేను చెప్త. మీరు సప్పట్లు కొట్టుండ్రి." రఘుపతి గణపతి భుజం మీద చెయ్యేశాడు. "నిచ్చెన నీదే తమ్మీ. పాలు ఫ్రిజ్‌ల పెట్టిచ్చిన."

"పోచన్న కాగితం సంగతి ఆ సార్‌ను అడుగుతవా అన్నా?"

"వినతిపత్రం రాయించుకరా, చేతుల పెట్టిస్త. ఫోటో గూడ తీపిస్త. కాని ఏడుపు మొకం పెట్టకు, శుభమాని సభ."

మర్నాడు సాయంత్రం గణపతి ఆ వినతిపత్రం కోసమే అల్ ఖౌద్ వెళ్లాడు. యూనివర్సిటీ పక్క సందులో ఖమరుద్దీన్ పనిచేసే జిరాక్స్ దుకాణం ఉంది. విద్యార్థులు బారెడు పొడుగు ఇంజినీరింగు డ్రాయింగులు అక్కడే అచ్చు వేయించుకుంటారు. ఖమరుద్దీన్‌ది కడప. ఊళ్లో ఉన్నప్పుడు సబ్ ట్రెజరీ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద ఆరేళ్లు కంప్యూటర్ కొట్టాడు. ఆ అవుట్‌సోర్సింగ్‌కే బడ్జెట్ లేదని ఒకరోజు ఇంటికి పంపారు.

మంజూరు కాగితం ఫోటోను అతను కంప్యూటర్ మీద పెద్దది చేసి చూశాడు. కింద చివరి వరుస మీద వేలు పెట్టాడు.

"ఈ ముక్క చదివినావా గణపతీ? 'నిధుల లభ్యతకు లోబడి.' అంటే ఏమిరా? మా దగ్గర దుడ్డు ఉంటే ఇస్తాం, లేకుంటే లేదు. మా ట్రెజరీలో ఇట్టాంటి కాగితాలు బీరువాల నిండా ఉండె. మీ రాష్ట్రం, మా రాష్ట్రం, అన్నీ అంతే భాయ్."

"నూరు కోట్లు పెట్టిండ్రు కద?"

ఖమరుద్దీన్ కుర్చీ అతని వైపు తిప్పాడు.

"మీ రూమ్ మెస్సు ఎవరు చూస్తారు?"

"నేనే. ముందుగాల పోచన్న చూస్తుండె."

"నెల మొదట్లో ఏం రాస్తావు?"

"గోడకు కాగితం అంటిస్త. ఎడమదిక్కు అనుకున్నది. నాలుగు శుక్కురారాలు కోడికూర, రెండుమాట్ల చేప. పదిహేనో తారీఖు నాడు చేతుల ఉన్నది చూసి నడుమ తక్కువ జేసి రాస్త. నెలాఖర్‌కు కుడిదిక్కు అసలు తిన్నది రాస్త."

"ఎడమదిక్కు కోడికూర అని రాసిన రోజు ఎవరన్నా నీకు దండేసినారా? నీ ఫోటోకు పాలు పోసినారా?"

గణపతి తల అడ్డంగా ఊపాడు.

బడ్జెట్ అంటే పెద్ద చదువులవాళ్ల వ్యవహారం అనుకునే సోదరులు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. సర్కారు తన దొంగతనాన్ని ఎక్కడో దాచిపెట్టదు. అచ్చు వేసి, పేజీ నంబరు వేసి, అందరికీ కనిపించేటట్టు పెడుతుంది. ఎవడూ చదవడని దాని ధైర్యం. ఖమరుద్దీన్ పది నిమిషాల్లో పోయినేటి బడ్జెట్ పుస్తకం తెరపైకి తెచ్చాడు. గణపతి రెండోసారి నిచ్చెనెక్కి పాలు పోసింది ఆ పుస్తకానికే. ఖమరుద్దీన్ డెబ్బై నాలుగో పేజీ దగ్గర ఆగాడు.

"ఎడమ గడి చూడు. అంతకు ముందటేడు చెప్పింది, నూరు కోట్లు. నడిమి గడి, ఏడాది చివర్లో సవరించింది. ఎంత?"

"నాలుగు."

"నూరు నాలుగయింది. కుడి గడి, కొత్తగా చెప్పేది, నూటిరవై. టీవీలో కుడి గడి ఒక్కటే చదువుతారు. ఇప్పుడు ఆ నాలుగు కోట్లు యాడికి పోయినాయో కింద చూడు. నువ్వే చదువు."

గణపతి తెర మీద వేలు పెట్టి, బడిపిల్లాడి మాదిరి నెమ్మదిగా చదివాడు. ప్రచారం, రెండు కోట్ల అరవై లక్షలు. విదేశీ పర్యటనలు, కోటీ పది లక్షలు. ఆఫీసు నిర్వహణ, ముప్ఫై లక్షలు. కార్మికులకు ఆర్థిక సాయం అన్న చోట అంకె లేదు, చిన్న అడ్డగీత ఉంది.

"గీత అంటే?"

"ఏమీ ల్యా. సున్నా రాసేకి గూడా చెయ్యి రాలేదు వాళ్లకు."

"ప్రచారం అంటే?"

"టీవీలో యాడ్లు. పేపర్లో బొమ్మలు. ఫ్లెక్సీలు. నువ్వు పోసిన పాలు."

గణపతి కాగితాల కట్టల మీద కూలబడ్డాడు. దుకాణంలోకి ఇద్దరు విద్యార్థినులు వచ్చి, డ్రాయింగు చుట్ట తీసుకుని, సలాం చెప్పి వెళ్లారు. అతనికి అదేమీ వినిపించలేదు. రెండుసార్లు తను పోసింది పాలు కాదు. పోచన్న ఆపరేషన్‌ను తన చేతులతోనే ప్యాకెట్లు చింపి ఇసుకలో పోశాడు. ఏడుపు రాలేదు అతనికి. లేచి నిలబడ్డాడు.

"భాయ్, ఆ డ్రాయింగుల మిషన్ మీద ఈ పేజీ తియ్యి. ఎంత పెద్దగొస్తే అంత."

"ఎందుకు?"

"నిచ్చెనెక్కేది నేనే కద."

ఖమరుద్దీన్ తలుపు వైపు చూశాడు. దుకాణం యజమాని వచ్చే వేళ. చూసి, మిషన్‌లోకి కొత్త చుట్ట ఎక్కించాడు. "చిన్నవి గూడా రెండు వందలు తీస్తాను. గోడ మీది బొమ్మ ఒకడు చూస్తే సరిపోదు, ప్రతి మనిషి జేబులో ఉండాల."

గురువారం సాయంత్రం మెస్సు హాలు కిక్కిరిసింది. పెద్ద కాగితాన్ని నాలుగు టేబుళ్లు కలిపి పరిచారు. గణపతి ఎడమ గడి, నడిమి గడి, కుడి గడి అంటూ మెస్సు లెక్క చెప్పినట్టే చెప్పాడు. చెబుతుంటే వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు.

"సర్కారు దగ్గర పైసలు లేకుంటే ఏం జేస్తదిరా?" అన్నాడు ముసలి మేస్త్రీ. "రాబడి తగ్గిందంటున్నరు గద."

"లేకుంటే లేదనాలె," అన్నాడు రాడ్‌బెండర్. "నూరని ఎందుకు చెప్పిండ్రు? ఆ నూరు జూసే గద పోచన్న సంతకం పెట్టింది."

"మనమేమన్న టాక్సు కడ్తున్నమా అక్కడ? కట్టనోనికి అడిగే హక్కేడిది?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

ఆ మాటకు గణపతి లేచాడు. "నీ పైసలతోని ఊర్లె ఇల్లు కట్టినవ్. సిమెంటు మీద టాక్సు ఎవలిచ్చిండ్రు? జాగ రిజిస్ట్రేషన్‌కు ఎవలు కట్టిండ్రు? నీ తమ్ముడు బండిల పోసే పెట్రోలుకు? నీ బామ్మర్ది తాగే మందుకు? సర్కారు రాబడంతా ఈ ఎండలకెళ్లి పోయినదే. మనం ఆడ లేం కాబట్టి మన పేరు రాబడి దిక్కు రాయరు. ఖర్సు దిక్కు రాసి, పెద్ద ఉపకారం జేసినట్టు ఫ్లెక్సీ కడ్తరు."

హాల్లో కలకలం రేగింది. క్యాంపు బస్సు నడిపే సమీయుల్లా వెనక గోడకు ఆనుకుని ఇదంతా వింటున్నాడు. హైదరాబాద్ మనిషి, పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నవాడు. చెయ్యెత్తాడు.

"మియాఁ, మాట కరెక్టే. లేకిన్ రఘుపతి పర్మిషన్ తీసుకున్నది సప్పట్లకు, లడాయికి కాదు. ఇధర్ గిట్ల జేస్తే సీదా జేల్, లేకుంటే సీదా ఎయిర్‌పోర్టు. నాకు ఇద్దరు బిడ్డలు చదువుతున్నరు. మీకు లేరా?"

అందరికీ ఉన్నారు. వీసా, అప్పు, చెల్లెలి పెళ్లి, అందరికీ అన్నీ ఉన్నాయి. భయం పిరికివాళ్లకే ఉంటుందనేవాడు ఎన్నడూ పాస్‌పోర్టును మేనేజరు బీరువాలో పెట్టి పడుకున్నవాడు కాదు. చివరికి గణపతే మాట్లాడాడు.

"ఈ దేశం మీద ఒక్క మాట అనం. నినాదాలు లేవు, జెండాలు లేవు. సభకు పొమ్మన్నరు, పోదం. తెల్లంగీలు ఏసుకొమ్మన్నరు, ఏసుకుందం. నిచ్చెనెక్కుమన్నరు, ఎక్కుత. అభిప్రాయాలు అడుగుతమన్నరు, చెప్పుదం. పట్టుకుంటే నన్ను పట్టుకుంటరు. పోచన్నకు ఆ పొద్దు పెన్నిచ్చింది నేను. మీరు అనలేదు గని నాకెర్కనే. ఇన్నొద్దులు తిన్న ప్రతి బుక్కల అది గుచ్చుకున్నది."

పక్క బ్లాకు నుంచి వచ్చిన బంగ్లాదేశ్ మేస్త్రీ ఒకడు ఏం జరుగుతోందని హిందీలో అడిగాడు. రాడ్‌బెండర్ చెప్పాడు. అతను కాగితం మీదికి వంగి ఆ గీతను చూసి, మా దేశంలోనూ ఈ గీత ఉంటుంది, ఎవరూ మాకు చూపించలేదు అన్నాడు. సమీయుల్లా దగ్గరికొచ్చి చిన్న కాగితం ఒకటి తీసుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి లైసెన్సు వెనక దోపుకున్నాడు. "బస్సు నేనే తెస్త," అన్నాడు. "ఎవడన్నా గలాటా చేస్తే దింపి పోత."

శుక్రవారం నాలుగింటికి అల్ ఖౌద్‌లో ఫంక్షన్ హాలు ముందున్న ఆవరణ తెల్లగా నిండిపోయింది. రఘుపతికి గుండె పొంగింది. రెండు వందలు అడిగితే మూడు వందల మంది వచ్చారు. చైర్మన్ మైకు ముందు నలభై నిమిషాలు మాట్లాడాడు. ద్రవ్య క్రమశిక్షణ అన్నాడు, మూలధన వ్యయం అన్నాడు, గల్ఫ్ కార్మికుడి చెమట చుక్క మా బడ్జెట్‌లో ప్రతి అక్షరమై మెరుస్తుందన్నాడు. అక్కడ చప్పట్లు రావాలి. రాలేదు. రఘుపతి ఒక్కడే కొట్టి, చుట్టూ చూసి, ఆపేశాడు.

"ఇప్పుడు పాలాభిషేకం," అన్నాడు మైకులో, గొంతు సవరించుకుని.

గణపతి నిచ్చెనెక్కాడు. కింద రాడ్‌బెండర్ ఒక చేత్తో పాల బుట్ట, ఒక చేత్తో ఫోను పట్టుకున్నాడు. పై మెట్టు మీద నిలబడి గణపతి చంకలోని చుట్ట విప్పాడు. అంచులకు ముందే రెండువైపులా అంటుకునే టేపు వేసి ఉంది. రెండు చేతులా చాచి, షట్టరింగ్ పలక బిగించినంత ఒడుపుగా, బొమ్మ నెత్తి నుంచి నడుం దాకా అంటించాడు. నాయకుడు కనపడకుండా పోయాడు. అక్కడ డెబ్బై నాలుగో పేజీ నిలిచింది.

"సార్, అభిప్రాయం చెప్పుమన్నరు గద," అన్నాడు పైనుంచే. మైకు లేదు, అవసరమూ పడలేదు. "ఇది మీ పుస్తకమే. ఎడమ గడిల ఎంతున్నది?"

"నూరు," అన్నారు కిందివాళ్లు.

"నడుమ?"

"నాలుగు."

"పోచన్నకెంత?"

"గీత."

మూడు వందల గొంతులు ఒక్క మాట అంటే అరవనక్కర్లేదు. చైర్మన్ మొహం మాడింది. మైకు లాక్కున్నాడు.

"బాబూ, ఇది సవరించిన అంచనా. దీనికి సాంకేతిక అర్థం ఉంటుంది. మీకు అర్థం కాదు."

"మెస్సు నడుపుతున్న సార్. అర్థమైంది."

"రాష్ట్రానికి రాబడి తగ్గింది. అప్పుల మీద వడ్డీలున్నాయి. ప్రాధాన్యాలు చూసుకోవాలి."

ముసలి మేస్త్రీ ముందుకొచ్చాడు. జేబులోంచి తన కాగితం తీసి, చదువు రాదు కాబట్టి, ముందే వేలితో గుర్తు పెట్టుకున్న వరుసను చూపించాడు. "రాబడి తగ్గితే మీ విమానం టికెట్‌కు తగ్గలేదా సార్? కోటీ పది లచ్చలని ఈడ ఉన్నదంట. మా పోచిగాని నడుముకు మూడే లచ్చలు."

చైర్మన్ మైకు కింద పెట్టి కారు వైపు నడిచాడు. రఘుపతి నిచ్చెన పట్టుకుని ఊపాడు. "దిగురా లంజకొడకా. నీ వీసా నా చేతులున్నది." గణపతి దిగాడు. తొందరపడకుండా, మెట్టు మెట్టూ దిగి, పాల బుట్ట అందుకుని, మొదటి ప్యాకెట్ ముసలి మేస్త్రీకిచ్చాడు. "తాగు పెద్దయ్యా. ఇవి పోచన్న పాలు. మూడోసారి ఇసుకల పోయనియ్య."

ప్యాకెట్లు చేతులు మారాయి. ఒక ప్యాకెట్ ముగ్గురు తాగారు, నలుగురు తాగారు. సమీయుల్లా బస్సు దిగొచ్చి ఒక గుక్క తాగి మళ్లీ స్టీరింగు ముందు కూచున్నాడు. రాడ్‌బెండర్ ఇదంతా ఫోనులో పట్టి, పోలీసు జీపు వచ్చేలోపే ఆ పేజీ ఫోటోతో సహా ఊళ్లకు పంపేశాడు.

జీపును పిలిపించింది రఘుపతే. ఎవరు అని పోలీసులు అడిగితే వేలు చూపించిందీ రఘుపతే. స్టేషన్లో ఒక అధికారి ఆ పెద్ద కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, దుబాసీ ద్వారా అడిగాడు.

"ఇది ఎవరు రాశారు?"

"మా సర్కారు."

"నువ్వేం రాశావు ఇందులో?"

"ఒక్క అక్షరం రాయలే సార్. సదివిన, గంతే."

అచ్చు వేసిందెవరని అడిగితే మాత్రం గణపతి నోరు విప్పలేదు. ఖమరుద్దీన్ పేరు ఆ గది గోడలకు కూడా వినిపించలేదు. అనుమతికి మించి సభలో నడుచుకున్నందుకు పది రోజులు ఉంచారు. ఆలోపు కంపెనీ అతని వీసా రద్దు చేసి, టికెట్ కొని పెట్టేసింది. పోచన్న వెన్నెముకకు సగమే పెడతానన్న కంపెనీ, గణపతిని సాగనంపే టికెట్‌కు మాత్రం మొత్తం తనే పెట్టుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం సామాను తెచ్చుకోవడానికి క్యాంపులో దింపారు. పది నిమిషాలే అన్నాడు కంపెనీ మనిషి, కారు ఇంజిన్ ఆపకుండా. ఆ పది రోజుల్లో రఘుపతి నాలుగుసార్లు క్యాంపుకొచ్చాడని, ఒక్కడు కూడా అతనితో మాట్లాడలేదని, గణపతి కోసం ఆ పూట డ్యూటీ మానేసిన రూమువాళ్లు చెప్పారు. మెస్సు గోడ మీద కోడికూర, చేపల పట్టీ పక్కనే చిన్న కాగితం అంటించి ఉంది. గీత చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్న చుట్టారు.

అప్పుడు రాడ్‌బెండర్ పరుగెత్తుకొచ్చి ఫోను చేతిలో పెట్టాడు. "గౌరవ్వ వదినె. పొద్దట్నుంచి నీ కోసమే చేస్తున్నది."

ఫోనులో సీలింగ్ ఫ్యాను కనిపించింది. అదే ఫ్యాను. కాని ఈసారి తిరగడం లేదు, ఎవరో స్విచ్చి ఆపారు. కింద నుంచి చాలామంది ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. గౌరవ్వ ఫోను పైకెత్తి చుట్టూ తిప్పింది. ఆఫీసు గది నిండా, వరండా నిండా, మెట్ల మీద, గేటు దాకా ఆడవాళ్లే. మొగుళ్లు మస్కట్‌లో ఉన్నవాళ్లు, దుబాయిలో ఉన్నవాళ్లు, మొగుళ్లు శవపెట్టెలో తిరిగొచ్చినవాళ్లు. ఒక్కొక్కరి చేతిలో ఆ కాగితం. నట్టనడుమ, ఆఫీసరు టేబుల్‌కు ఆనించి, నులక మంచం మీద పోచన్న.

"సదువుండ్రి సార్," అంటోంది గౌరవ్వ. "డెబ్బై నాలుగో పేజీ. నడిమి గడి. మీరు సదివేదాంక మంచం లేవది."

"అమ్మా, మీరు అర్థం చేసుకోండి, మా చేతుల్లో..."

"అర్థమైనంకనే వచ్చినం. సదువుండ్రి."

ఆఫీసరు చదివాడు. ప్రచారం దగ్గర గొంతు తగ్గింది. "గట్టిగా," అన్నారు ఆడవాళ్లు. పర్యటనలు చదివాడు. సాయం దగ్గర ఆగిపోయాడు.

"ఏమున్నదాడ?"

"ఏమీ లేదమ్మా. గీత ఉంది."

"మా ఆయనకు వినవడాలె. మల్లోసారి."

అతను మళ్లీ చెప్పాడు. మొన్న ఈ గదిలోనే నవ్విన ఇద్దరు ముగ్గురూ తలలు దించుకుని ఫైళ్లు సర్దుకుంటున్నారు.

గౌరవ్వ ఫోను పోచన్న మొహానికి దగ్గరగా పెట్టింది. ఆ మొహం సగమైపోయింది. గణపతి ఏడాదిన్నరగా గొంతులో పెట్టుకున్న మాట బయటికొచ్చింది.

"అన్నా, ఆ పొద్దు పెన్ను నేను..."

"ఊకో తమ్మీ." పోచన్న గొంతు సన్నగా ఉంది, కాని వణకడం లేదు. "నువ్వు నిచ్చెన మీద పాలు పోసినవ్, నేను కింద నిలవడి సప్పట్లు గొట్టిన. ఇద్దరం మోసపోయినం. కాళ్లు ఇగ రావని డాక్టర్ చెప్పిండు. రాకపోనియ్. నన్ను మోసే కాళ్లు ఎన్నున్నయో చూసినవా?"

గణపతి చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మార్చిల బడ్జెట్ పెడ్తరంట మరిదీ," అంది గౌరవ్వ పక్కనుంచి. "గా దినం ఈ మంచాన్ని పట్నం మోసుకపోతున్నం, అసెంబ్లీ గేటు కాడికి. ఊరూరికి నలుగురు చొప్పున మార్చుకుంట మోస్తరు. ఒక్క మన ఊరికే ఇంక ముగ్గురమున్నం, నాలుగో మనిషి దొరకలే."

బయట కంపెనీ కారు హారన్ మోగింది. రూము నిండా మనుషులు, కిటికీల దగ్గర మనుషులు. సమీయుల్లా గణపతి పెట్టె ఎత్తి తన భుజాన పెట్టుకున్నాడు. కారు ఎక్కొద్దు, ఎయిర్‌పోర్టుకు క్యాంపు బస్సులోనే పోదాం, అందరం వస్తాం అన్నాడు.

"వదినే," అన్నాడు గణపతి ఫోనులోకి, మెట్లు దిగుతూ. "మంచం నాలుగో కోడు నాకు పెట్టుండ్రి. రేపు పొద్దుగాల దిగుతున్న."